గుండ్రని గోడల కాఫీ హోటలు: కొందరు పెద్దమనుషుల అభ్యంతరాలు



తిండి తినడానికి నాలుగు గోడలూ, ఒక కప్పూ, తిరిగే పంకా ఉంటే చాలుననీ, అంతకు మించి భవనాన్ని గురించి మాట్లాడేదంతా పనిలేనివాళ్ళ కాలక్షేపమనీ ఒక వాదం మన తెలుగువాళ్ళలో గట్టిగా పాతుకొని ఉంది. ఈ వాదం చేసేవారే గృహప్రవేశానికి మనల్ని పిలిచి, ముఖద్వారానికి పట్టిన టేకు ఎంతో, మెట్లకు పరిచిన గ్రానైటు అడుగు ఎంతకు కొన్నారో గంటసేపు ఏకరువు పెడతారు. కనుక వారికి భవనాల మీద ఆసక్తి లేదనడానికి వీలులేదు. తమ సొంతం కాని భవనం ఎలా ఉంటేనేమి అన్నదే వారి అసలు మాట. అందులోనూ దారినపోయే పదిమందీ వచ్చి కాఫీ తాగి పోయే చోటు అందంగా ఉండాలంటే వారికి నవ్వు వస్తుంది. ఆ నవ్వుకు సమాధానంగా ఈ టపా.

నేను మాట్లాడబోయే భవనం మన రాష్ట్రాలలో లేదు. తిరువనంతపురం సెంట్రల్ రైల్వే స్టేషను నుండి బయటికి వస్తే తంపానూరు. అక్కడే కేరళ ప్రభుత్వ బస్సుల స్టాండు. ఆ బస్సుల రొద నడుమ, జంతిక చుట్ట చుట్టినట్లు, ఎర్రటి ఇటుక రంగులో పైకి మెలితిరిగి లేచిన గుండ్రని కట్టడం ఒకటి కనబడుతుంది. అది ఇండియన్ కాఫీ హౌస్. మావేలి కేఫ్ అని కూడా అంటారు. మావేలి అంటే మన పోతన గారి బలిచక్రవర్తే. కాఫీ అమ్మే చోటికి దానశీలి పేరు పెట్టడంలోని చమత్కారం మలయాళీలకే చెల్లింది. శబరిమల దర్శనం చేసుకొని, పద్మనాభస్వామి గుడి చూసి, కన్యాకుమారికి పోదామని వచ్చే తెలుగువారు ఏటా వేలమంది ఆ కట్టడం ముందునుంచే నడిచి వెళ్తారు. ఎక్కువమంది దానిని నీళ్ళ ట్యాంకు అనుకొని తప్పుకొని పోతారు.

లోపలికి వెళితే మెట్లు ఉండవు. నేలే మెల్లగా ఏటవాలుగా లేచి, నడిమి గుండ్రని కట్టు చుట్టూ తిరుగుతూ పైకి పోతుంది. బయటి గోడ వెంబడి వరుసగా బల్లలు, వాటికి అటూ ఇటూ కూర్చునే అరుగులు. ఇవి దుకాణంలో కొని తెచ్చి వేసినవి కావు, కట్టడంతోపాటు కట్టినవి. జరపడానికి వీలులేదు, ఎత్తుకుపోవడానికి అసలే వీలులేదు. నేల వాలుగా ఉన్నా ప్రతి బల్లా సమంగా ఉంటుంది, గిన్నెలో సాంబారు ఒక పక్కకు ఒరగదు. ఒక బల్లకంటె దాని తరువాతి బల్ల కొంచెం ఎత్తు. గోడలో ఇటుకలు వదిలివదిలి పేర్చిన కంతలు. వాటిలోంచి గాలి వస్తుంది, వెలుగు చిన్నచిన్న ముక్కలుగా బల్ల మీద పడుతుంది, బస్సుల హారనులూ వినబడతాయి. మన పల్లెటూరి ఇంటి వీధి అరుగును ఊహించుకొని, దానిని గుండ్రంగా వంచి, మేడ ఎక్కించండి. దాదాపు అదే.

కట్టినవారు లారీ బేకర్. 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హాములో పుట్టి, అక్కడే భవననిర్మాణశాస్త్రం చదివారు. క్వేకరు మతస్థుడు కనుక రెండవ ప్రపంచయుద్ధంలో ఆయుధం పట్టనని చెప్పి, చైనాలో వైద్యసేవకు వెళ్ళారు. తిరుగు ప్రయాణంలో బొంబాయిలో ఓడ కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో గాంధీజీని కలిశారు. 1945లో కుష్ఠురోగుల ఆసుపత్రులు కట్టే పని మీద మన దేశానికి మళ్ళీ వచ్చి, ఇక్కడి వైద్యురాలిని పెళ్ళాడి, హిమాలయాలలో పిథోరాగఢ్ ప్రాంతాన చాలా ఏళ్ళు గడిపి, 1960లలో కేరళకు చేరి, చివరకు తిరువనంతపురంలో స్థిరపడ్డారు. 2007 ఏప్రిల్ 1న అక్కడే కన్నుమూశారు. ఇంటికి వాడే వస్తువులు అయిదు మైళ్ళ లోపల దొరికేవై ఉండాలన్న గాంధీజీ మాటను జీవితాంతం చెప్పుకొన్నారు. చెప్పుకోవడమే కాక పాటించారు, అదీ విశేషం.

ఇప్పుడు అభ్యంతరాలకు వస్తాను.

అన్నిటికంటె ఎక్కువ పట్టుదలతో వినిపించేది వాస్తు అభ్యంతరం. గుండ్రని కట్టడానికి మూలలు ఉండవు కనుక ఈశాన్యం లేదు, ఆగ్నేయం లేదు, నైరృతి బరువు లేదు, అలాంటి చోట కూర్చొని తింటే ఒంటబట్టదట! నేను సంస్కృతాంధ్రాలు చదువుకొన్నవాణ్ణి. శాస్త్రం పేరు ఎత్తితే చెవి ఒగ్గడం నాకు అలవాటు. కనుకనే ఈ మాట విన్నప్పుడల్లా బాధ కలుగుతుంది. దక్షిణాది శిల్పశాస్త్ర గ్రంథాలు విమానాలను నాగరం, ద్రావిడం, వేసరం అని మూడుగా విభజించాయి. నాగరం చతురస్రం, ద్రావిడం అష్టాస్రం, వేసరం వృత్తం. అంటే గుండ్రనిది శాస్త్రానికి వెలి కాదు, శాస్త్రంలో మూడింట ఒకటి. ఇక కేరళ సంగతి చెప్పాలా? త్రిచ్చూరు వడక్కున్నాథుని గర్భాలయం గుండ్రనిది. ఆ దేశంలో వృత్తాకారపు శ్రీకోవెలలు ఎన్నో ఉన్నాయి. పరమశివుడు గుండ్రని గోడల మధ్య నైవేద్యం ఆరగించగా లేని దోషం, మనం ఒక దోసె తింటే వచ్చిపడుతుందా?

మన పట్టణాలలో వాస్తు పేరుతో జరుగుతున్నదానికీ ఆ గ్రంథాలకూ ఉన్న సంబంధం తిథికీ తీర్థానికీ ఉన్నపాటి కూడా లేదు. నిన్న కట్టిన వంటిల్లు ఇవాళ పగలగొట్టి, మెట్లు ఈ పక్కనుంచి ఆ పక్కకు మార్చి, బావి పూడ్చి, చివరకు మనశ్శాంతి కోసం ఇల్లు అమ్ముకొన్నవారు నాకు తెలుసు. శాస్త్రం గాలి ఎటునుంచి వస్తుందో, ఎండ ఎటునుంచి పడుతుందో చూడమంది. తంపానూరు కట్టడంలో గాలి ప్రతి కంతలోంచీ వస్తుంది, ఎండ ఏ కంతలోంచీ నేరుగా మీద పడదు. శాస్త్రార్థాన్ని పాటించిన పరదేశి ఒక పక్క, శాస్త్రశబ్దాన్ని పట్టుకొని వేలాడే స్వదేశీయులు ఒక పక్క. ఎవరు వైదికులో మీరే తేల్చండి.

రెండవ అభ్యంతరం పైకి చిన్నదే. "సిమెంటు పూత కూడా సరిగా లేదు, ఇటుకలు ఇటుకల్లాగే కనబడుతున్నాయి, డబ్బు చాలక మధ్యలో ఆపినట్లుంది" అంటారు. బేకర్ కట్టిన చాలా కట్టడాల మీద ఈ ఆక్షేపణ ఉన్నదే. దీనికి సమాధానం ఇటుకల గురించి కాదు, ఔచిత్యం గురించి చెప్పాలి.

పదకొండవ శతాబ్దంలో కాశ్మీరదేశపు క్షేమేంద్రుడు ఔచిత్యవిచారచర్చ అని ఒక గ్రంథం రాశాడు. వడ్డాణాన్ని మెడకు, హారాన్ని నడుముకు పెట్టుకొంటే లోకం నవ్వుతుందన్న అర్థంలో అందులో ఒక మాట ఉంది. నగ నగగా మంచిదే కావచ్చు, ఉండవలసిన చోట లేకపోతే అది నగ కాదన్నమాట. ఇప్పుడు మన ఊళ్ళ హోటళ్ళను చూడండి. ఎలివేషను అనే మాట ఒకటి మన మేస్త్రీల నాలుకల మీదికి కూడా వచ్చింది. రోడ్డు వైపు ముఖమంతా గాజు. వేసవిలో బెజవాడ ఎండ నలభై అయిదు డిగ్రీలు కొడుతుంటే ఆ గాజు లోపల కుంపటి పెట్టినట్లు కాగుతుంది. ఆ వేడిని చంపడానికి శీతలయంత్రాలు, వాటిని నడపడానికి జనరేటరు, దాని ఖర్చు రాబట్టడానికి ఇడ్లీ ధర. వెనక సందులోకి వెళితే వంటవాళ్ళు కిటికీ లేని గదిలో చెమటలు కక్కుతూ ఉంటారు. పైన పటారం, లోన లొటారం అని పెద్దలు ఊరికే అనలేదు. ఆధునిక భవనమంటే గాజూ ఉక్కూ అనే భ్రమ మనకు ఎక్కడినుంచి పట్టుకొందో గాని, అసలు ఆధునికత ఆ పదార్థాలలో లేదు. ఈ చోట ఎవరు కూర్చుంటారు, ఏం చేస్తారు, ఎంతసేపు ఉంటారు అని మొదట అడిగి, ఆ జవాబునుంచి గోడను పుట్టించడంలో ఉంది. ఆ లెక్కన చూస్తే ఆ గాజుపెట్టెలన్నిటికంటె తంపానూరు ఇటుకల చుట్ట ఆధునికం.

ఇక్కడ పాఠం చెప్పే అలవాటు కొద్దీ ఒక పోలిక చెబుతాను, ఓపిక పట్టండి. ఛందస్సు కవికి సంకెల అని ఈ కాలపు యువకవులు అంటారు. సమర్థుడైన కవి చేతిలో యతిస్థానమే భావానికి మలుపు అవుతుందని పద్యం చదువుకొన్నవారికి తెలుసు. బేకర్ చేతికి వచ్చినది విశాలమైన మైదానం కాదు, ఇరుకు చోటు. మామూలుగా కడితే ఒక హాలు, పైకి మెట్లు, పైన ఇంకొక హాలు, సగం చోటు మెట్లకే సరి. ఆయన మెట్లనూ హాలునూ ఒకటే చేశారు. నడిచే దారే కూర్చునే చోటు అయింది. న్యూయార్కులో ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిన గుగెన్‌హైమ్ మ్యూజియం 1959లో తెరిచారు. అందులోనూ ఇలాగే చుట్టు తిరిగే వాలుదారి ఉంది, జనం దాని వెంట నడుస్తూ గోడలకు తగిలించిన బొమ్మలు చూస్తారు. అక్కడ చిత్రపటాలకు దక్కిన మర్యాద ఇక్కడ బస్సు కోసం వేచి ఉన్న మనిషికి దక్కింది. అక్కడ దానిని కళ అన్నవారు ఇక్కడ వింత ఆకారం అంటే ఎలా?

న్యూయార్కు పేరు వచ్చింది కనుక, ఆధునిక భవనంలో భోజనం అనగానే లోకమంతా చెప్పుకొనే ఉదాహరణను కూడా తడమాలి. ఆ నగరంలో పార్కు అవెన్యూ మీద సీగ్రామ్ భవనం ఉంది. మీస్ వాన్ డెర్ రో రూపకల్పన, 38 అంతస్తులు, 1958లో పూర్తయింది. దాని కింది భాగంలో 1959లో ఫోర్ సీజన్స్ అనే భోజనశాల తెరిచారు. లోపలి అలంకరణ ఫిలిప్ జాన్సన్‌ది. అప్పట్లోనే 45 లక్షల డాలర్లు ఖర్చయిందని చెబుతారు. నడిమధ్య పాలరాతి కొలను, కిటికీలకు సన్నని లోహపు గొలుసుల తెరలు, పికాసో చిత్రించిన నాటకశాల తెర. అందచందాలకు లోటు లేదు, దానిని నేను కాదనను. మరి అక్కడ ఎవరు తినేవారు? కంపెనీల అధిపతులు, పుస్తక ప్రచురణ సంస్థల యజమానులు, రాజకీయ నాయకులు. మధ్యాహ్నం ఎవరికి ఏ బల్ల దొరికింది అన్నదే నగరంలో వారి వారి హోదాకు కొలబద్ద.

ఆ భోజనశాల గోడల కోసం మార్క్ రోత్కో అనే చిత్రకారుడికి 1958లో పెద్ద మొత్తం ఇస్తామని పని అప్పగించారు. ఆయన నెలల తరబడి చిత్రించాడు. ఒకనాడు భార్యతో కలిసి అక్కడికి భోజనానికి వెళ్ళి, ఆ వాతావరణం, ఆ ధరలు, ఆ జనాన్ని చూసి, ఇంటికి వచ్చి, బొమ్మలు ఇవ్వనని చెప్పి, తీసుకొన్న డబ్బు తిప్పి పంపాడు. వాటిలో కొన్ని ఇప్పుడు లండనులో టేట్ మ్యూజియంలో ఉన్నాయి. ప్రతి సందర్శకుడూ చూడవచ్చు. ఎంత పిచ్చివాడో అని మన పెద్దమనుషులు అంటారేమో. నాకు మాత్రం మన రాజాస్థానాలలోకి అడుగు పెట్టనని భీష్మించుకొని పొలం దున్నుకొన్నాడని చెప్పుకొనే మహాకవి గుర్తుకు వచ్చాడు. పేరు చెప్పనక్కరలేదు, పైన బలిచక్రవర్తి ప్రస్తావనలో ఒకసారి తలచుకొన్నాము.

ఆ ఫోర్ సీజన్స్ కథ ముగిసింది కూడా. లోపలి భాగాన్ని 1989లో నగరం రక్షిత స్థలంగా ప్రకటించినా, యజమాని కౌలు పొడిగించనందున 2016లో భోజనశాల మూతపడింది, కుర్చీలూ గరిటెలతో సహా వేలం వేశారు. అదే పేరుతో సమీపంలో 2018లో ఇంకొక చోట తెరిచి 2019లో మూసేశారు. ఆ గోడలు లేకపోతే ఆ పేరుకు ఏడాది ఆయుష్షు లేకపోయింది. గోడలతో పనేమిటన్న పెద్దమనుషులు ఈ ఒక్క ముక్క గురించైనా ఆలోచించాలి.

తంపానూరులో బల్లకు హోదా లేదు. మొదటి చుట్టులో కూర్చున్నా, పై చుట్టులో కూర్చున్నా అదే కాఫీ, అదే ధర, అదే అరుగు. నేను వెళ్ళినప్పుడు మా ఎదుటి బల్ల దగ్గర ఒక బస్సు కండక్టరు టిక్కెట్ల సంచీ పక్కన పెట్టుకొని ఆమ్లెట్టు తింటున్నాడు. ఆపై బల్ల దగ్గర నల్లకోటు వకీలు, ఆయన కక్షిదారు కాబోలు చేతులు కట్టుకొని కూర్చున్న ముసలాయన. ఇంకా పైన కళాశాల పిల్లలు నలుగురు రెండు కాఫీలు పంచుకొంటున్నారు. గోడ గుండ్రం కావడం వల్ల ఎవరికీ హాలంతా కనబడదు. గల్లాపెట్టె దగ్గరివాడు కూడా ఎవరు ఎంతసేపు కూర్చున్నారో చూడలేడు. పేదవాడు ఒక్క కాఫీతో గంటసేపు కూర్చున్నా నామోషీ లేని చోటు అది. ఈ మర్యాదను గోడ వంపు ఇచ్చింది. ఏ యజమాని దయా కాదు.

అసలు అక్కడ వేరే యజమాని లేడు. ఈ సంగతి తెలియకుండా ఆ భవనం అర్థం కాదు. 1935లో ఏర్పడిన కాఫీ సెస్ కమిటీ, మన దేశంలో కాఫీ వాడకం పెంచడానికి 1936లో బొంబాయిలో మొదటి కాఫీ హౌస్ తెరిచింది. తరువాత కాఫీ బోర్డు ఆధ్వర్యంలో దేశమంతా పెరిగాయి. 1950ల నడిమికి బోర్డు మనసు మారి, వాటిని మూసి పనివాళ్ళను ఇంటికి పంపడం మొదలుపెట్టింది. అప్పుడు కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ ఆ పనివాళ్ళను కూడగట్టి, సహకార సంఘాలు పెట్టుకొని మీరే నడుపుకోండని చెప్పారు. 1957లో బెంగుళూరులో మొదటి సంఘం, అదే ఏడాది ఢిల్లీలో కాఫీ హౌస్, 1958లో కేరళలో మొదటిది త్రిచ్చూరులో. నాకు ఆ పార్టీతో చుట్టరికం లేదు. ఎన్నడూ వారి సభకు వెళ్ళినవాణ్ణీ కాను. అయినా మంచి పని మంచి పనే. ఉద్యోగం పోయిన వడ్డనవాళ్ళు తమ హోటలుకు తామే యజమానులై, తమ కట్టడానికి దేశంలోని పేరెన్నికగన్న స్థపతిని పిలుచుకొన్నారంటే అందులో ఒక ఆత్మగౌరవం ఉంది. కుచ్చు తలపాగా పెట్టుకొని తెల్లని దుస్తులలో కాఫీ తెచ్చే మనిషి నడకలో అది కనబడుతుంది.

రుచి గురించి ఎక్కువ చెప్పను. మసాలా దోసెలో బంగాళాదుంపతోపాటు బీట్‌రూటు కలిపి ఎర్రగా చేస్తారు. మన నాలుకకు అది పరాయిది. గుంటూరు కారానికి అలవాటుపడిన నాకు తియ్యగా తోచింది. మా ఆవిడ మాత్రం ఇంకొకటి తెప్పించుకొంది. మాంసం కూడా అక్కడే వండుతారు కనుక ఆచారవంతులు లోపలికి రామంటే అది న్యాయమైన మాటే, వారిని తప్పుపట్టను. అయితే అది వంటింటి మీద అభ్యంతరం, భవనం మీద కాదు. రెండింటినీ కలగాపులగం చేసి, "దోసె బాగులేదు కనుక గోడా బాగులేదు" అనడం తర్కశాస్త్రం ఒప్పుకోదు.

అందరూ వదిలేసిన అభ్యంతరం ఒకటుంది. అదే నిజమైనది. ఆ ఏటవాలు నేల మీద పొద్దుటినుంచి రాత్రిదాకా పళ్ళేలు మోస్తూ ఎక్కి దిగే మనిషి మోకాళ్ళ మాటేమిటి? చక్రాల కుర్చీలో వచ్చేవారి మాటేమిటి? నాబోటి అరవై దాటినవాళ్ళు పై చుట్టుకు చేరేసరికి ఒకసారి నిలబడి ఊపిరి తీసుకోవాలి. మెట్లకంటె వాలు నయమని అనవచ్చు. చేతిలో వేడి కాఫీ ఉన్నవాడికి మెట్ల కంటె వాలే క్షేమం. అంత మాత్రాన కష్టం కష్టం కాకపోదు. గొప్ప పద్యంలో కూడా ఒక వ్యర్థపదం దొర్లుతుంది, దానిని చూపించడం విమర్శకుడి విధి. భవనాన్ని ఎగతాళి చేసేవారెవరూ ఈ మాట ఎత్తకపోవడమే నాకు విచిత్రంగా ఉంది. ఎందుకంటే ఈ మాట ఎత్తాలంటే వడ్డించేవాణ్ణి ముందు మనిషిగా చూడాలి కదా.

"ఇదంతా మలయాళీల గొడవ, మనకెందుకు" అనేవారికి రెండు సంగతులు గుర్తు చేస్తాను. పూటకూళ్ళ ఇల్లు మన సాహిత్యంలో కన్యాశుల్కంతో మొదలు కాలేదు. కాకతీయుల నాటి ఓరుగల్లును వర్ణించిన క్రీడాభిరామంలోనే ఉంది. ఒక్క రూక ఇస్తే కడుపునిండా పెట్టే ఇల్లు, ఆ వంటకాల వైభోగం అంతా కవి రసవత్తరంగా చెప్పాడు. రెండవది హంపీ. విజయనగర శిథిలాలలో ఒక నీటికాలువకు ఇరుపక్కలా రాతిలోనే పళ్ళేలు చెక్కి ఉన్నాయి, గిన్నెల గుంటలతో సహా. భోజనశాల అని చూపిస్తారు. మనిషి వచ్చి కూర్చుంటాడని ముందే తలచి, అతడి పళ్ళేన్ని కట్టడంలో భాగం చేసిన ఆ శిల్పికీ, కదలని బల్లలు కట్టిన బేకర్‌కూ మధ్య ఎన్నో శతాబ్దాల దూరం ఉన్నా బుద్ధి ఒకటే. మన వారసత్వం అదీ. దానిని వదిలి గాజుపెట్టెల వెంట పడ్డది మనమే.

చివరిగా నా అసలు భయం చెబుతాను. ఇలాంటి కట్టడాలకు రెండు రకాల చావు ఉంది. ఒకటి గొడ్డలి చావు. ఢిల్లీ ప్రగతి మైదానంలో రాజ్ రేవాల్ రూపకల్పనతో, మహేంద్ర రాజ్ సాంకేతిక నైపుణ్యంతో 1972లో కట్టిన హాల్ ఆఫ్ నేషన్స్‌ను 2017 ఏప్రిల్‌లో రాత్రికి రాత్రి కూలగొట్టారు. కాపాడమని కోర్టుకు వెళ్ళినా ఫలితం లేకపోయింది. అరవై ఏళ్ళు నిండని కట్టడాన్ని వారసత్వంగా పరిగణించబోమని అధికారులు చెప్పారు. ముసలితనం వస్తేగాని గౌరవించం, ముసలితనం రానివ్వం! అహమ్మదాబాదు ఐఐఎంలో లూయీ కాన్ కట్టిన విద్యార్థి వసతి గృహాలలో పద్నాలుగింటిని పడగొడతామని 2020 డిసెంబరులో ప్రకటిస్తే, ప్రపంచం నలుమూలల నుంచి నిరసనలు వచ్చి, కొద్ది రోజులకే ఆ ప్రకటనను వెనక్కు తీసుకొన్నారు. అరిస్తే కొంత ఫలితం ఉంటుందన్నమాట. రైల్వే స్టేషనుకూ బస్టాండుకూ అంత దగ్గరి స్థలం ధర ఎంత ఉంటుందో ఇళ్ళు కట్టించి అమ్మే మన మిత్రులే చెప్పగలరు.

రెండవది పూలదండ చావు. నాకు దీని భయమే ఎక్కువ. భవనం గొప్పదని అందరికీ తెలిసిపోతుంది. ఫోటోలు తీసేవాళ్ళు వస్తారు, ఒక్క కాఫీ కూడా తాగకుండా వాలుదారి మీద అడ్డంగా నిలబడి, తినేవాళ్ళ నోళ్ళలోకి కెమెరాలు పెడతారు. ఆ తరువాత ఎవరో పుణ్యాత్ముడు దీనిని ఉద్ధరిస్తానని బయలుదేరి, గోడలకు దీపాలు తగిలించి, అరుగుల మీద మెత్తలు వేసి, ధరల పట్టీని తోలు అట్టలో పెట్టి, కాఫీని అయిదు వందలు చేస్తాడు. ఇటుక ఒక్కటీ కదలదు. కండక్టరు మాత్రం రాడు. మన హైదరాబాదులోనూ పాత ఇళ్ళను ఇలా ఉద్ధరించి భోజనశాలలు చేసిన చోట్లు ఉన్నాయి. ఒకదానికి నన్ను మా బంధువులు తీసుకువెళ్ళారు. పేరెందుకు, గడప దాటేముందు నా చెప్పుల వంక చూసిన చూపు ఒక్కటే గుర్తుంది.

కనుక తంపానూరు కట్టడాన్ని రక్షించాలి అనేవారితో నేను కలుస్తాను గాని, ఒక షరతు మీద. గోడనూ ధరనూ కలిపి రక్షించాలి. బీట్‌రూటు దోసెతో సహా.

ఈ శీతాకాలంలో శబరిమల వెళ్ళే మిత్రులు తిరుగు ప్రయాణంలో తిరువనంతపురంలో రైలు ఎక్కేవారైతే, స్టేషనుకు ఒక గంట ముందు చేరుకోండి. మధ్యాహ్నం భోజనాల వేళ చోటు దొరకడం కష్టం. సాయంకాలం మేలు. మొదటి చుట్టు దాటి, బస్టాండు వైపు కంతలు ఉన్న బల్ల చూసుకొని కూర్చోండి. కాఫీ తెచ్చినాయనకు తెలుగు రాదు, మనకు మలయాళం రాదు. వేళ్ళు చూపిస్తే చాలు, ఎన్ని కాఫీలో ఆయనకు తెలుస్తుంది.